ఒకే ముక్కుకు రెండు కొలతలు

(గుంతకల్లులో జరిగిన మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



'స్త్రీల శరీరాలు – మార్కెట్' అనే అంశం మీద మాట్లాడమని నిర్వాహకులు నన్ను పిలిచారు. నేను ముక్కు గురించి మాట్లాడతానంటే ఫోన్లో అవతల కాసేపు మాట లేదు, ఆ తర్వాత నవ్వు వినిపించింది. వాన ముఖం చాటేసి, వేరుశనగ చేలోనే మాడిపోయి, కుటుంబాలకు కుటుంబాలు బెంగళూరు రైలెక్కే ఊళ్లో ముక్కు ఆపరేషన్ల మీద ఉపన్యాసమేమిటని మీలోనూ కొందరికి అనిపించవచ్చు. అవి సినిమా తారల గొడవలు, డబ్బున్న వాళ్ల గొడవలు అని నేనూ అనుకునేదాన్ని. ఆ అభిప్రాయాన్ని మార్చింది ఈ ప్రాంతపు అమ్మాయే.

వలస కుటుంబాల మీద పని చేస్తూ ఇక్కడికి వచ్చినప్పుడు ఆ అమ్మాయి పరిచయమైంది. డిగ్రీ పూర్తి చేసింది. తండ్రికి కొద్దిపాటి మెట్టభూమి ఉంది, తల్లి మిషను కుడుతుంది. అప్పటికి మూడు సంబంధాలు వచ్చి పోయాయి. మూడో సంబంధం వాళ్లు మాత్రం తేల్చి చెప్పారట: పిల్ల చదువు బాగుంది, గుణం బాగుంది, ముక్కే చప్పిడిగా ఉంది, ఇంకో రెండు లక్షలు వేస్తే ఆలోచిస్తాం అని. ఆ అమ్మాయి ఏడవలేదు. బెంగళూరులో ఒక క్లినిక్ గురించి వాకబు చేసింది. లక్షా నలభై వేలు అవుతుందన్నారు.

"రెండు లక్షల కట్నం కంటే లక్షా నలభై వేల ఆపరేషనే సవక కదక్కా. అరవై వేలు మిగులుతాయి. పైగా ముక్కు నాది, నాకాడే ఉంటాది. కట్నమైతే వాళ్లకాడికి పోతాది" అంది.

సోషియాలజీలో డాక్టరేటు ఉంది, స్త్రీవాదం మీద ఎన్నో సభల్లో మాట్లాడాను. ఆ రోజు మాత్రం ఆ లెక్కకు నా దగ్గర జవాబు లేదు. ఈ ప్రసంగం ఆమెకు నేను బాకీ పడ్డ జవాబు అనుకోండి.

ముందు ఆ లెక్కనే చూద్దాం. 2024–25లో ప్రభుత్వం వేరుశనగకు ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 6,783 రూపాయలు. అంటే లక్షా నలభై వేలకు 20 క్వింటాళ్లకు పైగా కాయలు అమ్మాలి. వానాధారం మీద ఆ ఇరవై క్వింటాళ్లు పండించడానికి ఎన్ని ఎకరాలు, ఎన్ని సంవత్సరాలు పడుతుందో నాకంటే మీకే బాగా తెలుసు. అంత పంట ఒక ఆడపిల్ల ముక్కు మీదికి పోతోంది. ఇక ఇది తారల గొడవ ఎలా అవుతుంది?

ఇక నా సంగతి. నాది మా నాన్న ముక్కు. మా అన్నదీ అదే ముక్కు. కొంచెం వెడల్పు, చివర గుండ్రం. అన్నను చూసిన ప్రతివాళ్లూ "అచ్చం నాన్న పోలికే, ఆ ముక్కు చూడు" అని మురిసిపోయేవారు. నన్ను చూసి "అయ్యో, ముక్కు మాత్రం నాన్నది వచ్చిందే" అనేవారు. నా పెళ్లిచూపుల్లో ఒకావిడ నన్ను పక్కకు తిరగమంది, ముక్కు పక్కనుంచి ఎలా ఉంటుందో చూడాలని. నేను తిరిగాను. ఆ తిరగడమే ఇప్పటికీ నాకు గుచ్చుకుంటుంది. ఒకే ఇంట్లో, ఒకే తండ్రి నుంచి వచ్చిన ఒకే ముక్కు. అన్న ముఖాన అది వంశం, నా ముఖాన లోపం. ముక్కు ఆపరేషన్ విషయంలో స్త్రీకీ పురుషుడికీ తేడా ఏమిటని అడిగితే, ఆ తేడా మన నడింట్లోనే మొదలవుతుందని అందుకే అంటున్నాను.

మన భాషనే వినండి. ముక్కుసూటి మనిషి, ముక్కు మీద కోపం, ముక్కుపిండి వసూలు చేయడం - ఇవన్నీ స్వభావానికి సంబంధించిన మాటలు. మగవాడి గురించి ఎక్కువగా వింటాం. ఆడపిల్ల దగ్గరికి వచ్చేసరికి కోటేరు వేసినట్టున్న ముక్కు, సంపెంగ మొగ్గ లాంటి ముక్కు, చప్పిడి ముక్కు, బండ ముక్కు అని ఆకారం మీద పడతాం. ఆయన ముక్కు ఆయన ఎలాంటివాడో చెబుతుంది, ఆమె ముక్కు ఆమె ధర చెబుతుంది. కృష్ణదేవరాయల ఆస్థానంలోని నంది తిమ్మనకు 'ముక్కు తిమ్మన' అని పేరు ఎలా వచ్చిందంటే, స్త్రీ ముక్కును వర్ణిస్తూ గొప్ప పద్యం చెప్పాడని కథ. హంపీ మనకు ఎంతో దూరం కాదు. ఆ పద్యం నిజంగా ఎవరిదన్న చర్చ పండితులకు వదిలేద్దాం. ముక్కు ఒక స్త్రీది, దానివల్ల వచ్చిన బిరుదు ఒక పురుషుడిది. ఆమె ఎవరో మాత్రం ఎవరూ అడగలేదు.

వర్ణన ఒక వైపు, శిక్ష ఇంకో వైపు. శూర్పణఖ కోరిక చెప్పుకుంది. లక్ష్మణుడు ముక్కుచెవులు కోశాడు. ఆ కథను మన పిల్లలకు నవ్విస్తూ చెబుతాం. ఓల్గా 'సమాగమం' కథలో శూర్పణఖను సీతకు ఎదురు నిలిపి, ముక్కు పోయిన స్త్రీ తన అందాన్ని తాను మళ్లీ ఎలా వెతుక్కుందో అడిగేదాకా మనకు ఆ ప్రశ్నే తట్టలేదు. ఆ కథ ఉన్న 'విముక్త' సంపుటికి 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. శీలం పేరుతో ఆడవాళ్ల ముక్కు కోయడం పురాణంలోనే ఆగిపోలేదు. ఈ ఉపఖండంలో అలాంటి వార్తలు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. 2008 డిసెంబర్‌లో వరంగల్‌లో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద జరిగిన యాసిడ్ దాడి మనం మరచిపోలేదు. ఆడదాని మీద కోపం వస్తే ముఖాన్ని చెడగొట్టాలి, ఆమె 'విలువ' అక్కడే ఉంది కాబట్టి - ఈ ఆలోచనకూ, ముక్కు బాగా లేదు కాబట్టి రెండు లక్షలు వేయమనే ఆలోచనకూ మూలం ఒకటే.

మరి మగవాడి ముక్కు? దాని చరిత్ర వేరు. ముక్కు తిరిగి నిర్మించే విద్య ప్రపంచానికి మన దేశం నుంచే వెళ్లింది. తెగిన ముక్కును చెంప చర్మంతో ఎలా కట్టాలో సుశ్రుత సంహితలో ఉంది. 1792 మైసూరు యుద్ధంలో ఇంగ్లీషు సైన్యంలో ఎడ్లబండి తోలే కవాస్‌జీ అనే మరాఠా రైతు టిప్పు సైనికులకు చిక్కాడు. అతని ముక్కు, ఒక చెయ్యి కోసేశారు. మన గుత్తి కోట హైదర్, టిప్పుల కింద ఉన్న కాలం అది. ఏడాదికి పైగా ముక్కు లేకుండా తిరిగాక, పూణే దగ్గర ఇటుకలు చేసే కులానికి చెందిన ఒక మనిషి నుదుటి చర్మం తీసి అతనికి కొత్త ముక్కు అమర్చాడు. 1794 అక్టోబర్‌లో లండన్ 'జెంటిల్మన్స్ మ్యాగజైన్' ఆ సంగతిని బొమ్మతో సహా అచ్చు వేసింది. దాన్ని చదివి నేర్చుకుని జోసెఫ్ కార్ప్యూ అనే ఇంగ్లీషు డాక్టరు 1814లో లండన్‌లో ఒక సైనికాధికారికి ఆ ఆపరేషన్ చేశాడు. చేసిన ఇటుకల మనిషి పేరు చరిత్రలో లేదు, అది కులం సంగతి. చేయించుకున్న మగవాడి పేరు, బొమ్మ రెండూ ఉన్నాయి. శీలం పేరిట ముక్కులు కోయించుకున్న ఆడవాళ్లలో ఒక్కరి బొమ్మ అయినా అలా అచ్చయిందా?

అందం కోసం చేసే ముక్కు ఆపరేషన్ కూడా మొదట ఆడవాళ్ల కోసం కాదు. 1898లో బెర్లిన్‌లో జాక్వెస్ జోసెఫ్ అనే డాక్టరు ఒక యువ భూస్వామి ముక్కును తగ్గించాడు. ఆ ముక్కును చూసి జనం ఎగతాళి చేస్తున్నారని అతను నలుగురిలోకి రావడమే మానుకున్నాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఛిద్రమైన సైనికుల ముఖాలను బాగు చేస్తూ హెరాల్డ్ గిల్లీస్ ఇంగ్లండులో ఆధునిక ప్లాస్టిక్ సర్జరీకి పునాది వేశాడు. అంటే ఈ విద్య చేయి తిరిగింది మగవాళ్ల ముఖాల మీద. యుద్ధం అయిపోయాక ఆ చేతులకు కొత్త ముఖాలు కావలసి వచ్చాయి. ఇప్పుడు ప్రపంచవ్యాప్తంగా అందం కోసం జరిగే ఆపరేషన్లు, చికిత్సల్లో అత్యధిక భాగం స్త్రీల మీదే. మగవాడికి పోయినదాన్ని తిరిగి ఇవ్వడానికి పుట్టిన విద్య, స్త్రీకి ఉన్నదాన్నే లోపమని చెప్పి అమ్ముడుపోతోంది.

ఇప్పుడు డాక్టర్ల పాఠ్యపుస్తకాల్లోకి వద్దాం. అక్కడ ముక్కుకు స్పష్టంగా లింగభేదం ఉంది. ముక్కు అడుగు భాగానికీ పై పెదవికీ మధ్య కోణం పురుషుడికి సుమారు 90 నుంచి 95 డిగ్రీలు, స్త్రీకి 95 నుంచి 110 డిగ్రీల దాకా ఉండాలని రాస్తారు. అంటే ఆడదాని ముక్కు కొన కాస్త పైకి తిరగాలి. పక్కనుంచి చూస్తే మగవాడి ముక్కు దూలం తిన్నగా ఉండాలి, చిన్న గూను ఉన్నా ఫరవాలేదు, అది మగతనం. స్త్రీ ముక్కు దూలం మాత్రం ఒకటి రెండు మిల్లీమీటర్లు లోపలికి వంగాలి. మగవాడి ముక్కును ఎక్కువగా చెక్కితే ఆడముక్కు అయిపోతుంది, జాగ్రత్త అని డాక్టర్లను హెచ్చరిస్తారు. మగవాళ్ల చర్మం మందం, కాబట్టి వాపు ఆలస్యంగా తగ్గుతుందనీ, చెక్కిన రూపం అంత తేటగా కనబడదనీ చెబుతారు. ఆ మాటలో శాస్త్రం ఉంది. కానీ 95 డిగ్రీల దగ్గర ఆడతనం మొదలవుతుందన్న మాటలో ఉన్నది శాస్త్రం కాదు. అది అలవాటు పడిన కళ్ల అభిరుచి. ఆ కళ్లు కూడా చాలావరకు తెల్లవాళ్ల ముఖాలను చూసి అలవాటు పడినవి.

ఇంకొక సంగతి నన్ను ఆశ్చర్యపరిచింది. ముక్కు మార్చుకోవాలని వచ్చే మగవాళ్లతో జాగ్రత్తగా ఉండమని సర్జన్లకు ఒక గుర్తు నేర్పుతారు - 'సైమన్'. ఆ ఇంగ్లీషు పేరులోని ఒక్కో అక్షరం ఒక్కో లక్షణం: ఒంటరి, పరిణతి లేనివాడు, మగవాడు, అతిగా ఆశించేవాడు, తన రూపం మీద మోహం ఉన్నవాడు. చూడండి, 'మగవాడు' అన్నదే ప్రమాద లక్షణాల్లో ఒకటి! దానికి జోడీగా మంచి రోగికి 'సిల్వియా' అని ఆడ పేరు పెట్టారు: భద్రత ఉన్నది, వయసులో చిన్నది, చెప్పింది వినేది, మనసులో మాట చెప్పగలిగేది, తెలివైనది, ఇప్పటికే అందమైనది. అంటే తన ముఖం తనకు నచ్చలేదని మగవాడు అంటే వాడి మనసులో ఏదో ఉందని అనుమానిస్తారు. ఆడది అంటే అది సహజం, సంతకం పెట్టించుకోవచ్చు. మగవాడికి ఇది అన్యాయమే. కానీ ఆ అనుమానం వల్ల అతనికి ఒక రక్షణ దొరుకుతోంది, అతన్ని "ఎందుకు?" అని అడుగుతారు.

ఇది పుస్తకంలో చదివినప్పుడు కంటే కళ్లతో చూసినప్పుడు ఎక్కువ అర్థమైంది. ఆ అమ్మాయి నన్ను తోడు రమ్మంది. ఆమెతో, వాళ్లమ్మతో కలిసి ఒక క్లినిక్‌కు వెళ్లాను. మా కంటే ముందు ఒక కుర్రవాడు ఉన్నాడు, క్రికెట్ బంతి తగిలి ముక్కు వంకరైంది. తలుపు సగం తీసే ఉంది, మాటలు వినబడుతున్నాయి. ఊపిరి ఆడుతోందా, ఎందుకు మార్చుకోవాలనుకుంటున్నావు, ఎవరైనా ఏమైనా అన్నారా, ఉద్యోగం ఏమిటి, కొన్నాళ్లు ఆగి చూడరాదా అని ఎన్నో ప్రశ్నలు. మా వంతు వచ్చింది. అమ్మాయిని పక్కకు తిరగమన్నారు. ఇరవై ఏళ్ల కింద నేను తిరిగినట్టే తిరిగింది. తర్వాత డాక్టరు వాళ్లమ్మ వైపు చూసి ఒకే ప్రశ్న అడిగారు: "పెళ్లి ఎప్పుడు?"

నేను ఆ డాక్టరును చెడ్డ మనిషి అనడం లేదు. మనం వేసే ప్రశ్నలే ఆయనా వేశారు. మన ఊళ్లో పరిచయస్తులైన ఆడవాళ్లు ఒక ఎదిగిన పిల్లను చూడగానే వేసే ప్రశ్న అదే కదా.

ఇక్కడ కులం గురించి మాట్లాడకపోతే ఈ చర్చ సగమే అవుతుంది. 'కోటేరు ముక్కు' అనగానే మన మనసులో ఏ కులపు ముఖం కదులుతుంది? 'చప్పిడి ముక్కు' అన్నప్పుడు ఎవరి ముఖం? ఇంగ్లీషు వాళ్ల పాలనలో హెర్బర్ట్ రిస్లీ అనే అధికారి మనుషుల ముక్కులు కొలిచి, ముక్కు ఎంత వెడల్పైతే కులం అంత తక్కువని సిద్ధాంతం చేశాడు. 1901 జనాభా లెక్కలకు కమిషనరు ఆయనే. మన అనంతపురం అప్పుడు మద్రాసు రాష్ట్రంలో భాగం. ఆ రాష్ట్రంలో ఎడ్గార్ థర్‌స్టన్ అవే కొలబద్దలు పట్టుకుని తిరిగాడు. 1948లో అంబేద్కర్ 'ది అన్‌టచబుల్స్' పుస్తకంలో అవే ముక్కు కొలతలను ముందు పెట్టి, బ్రాహ్మణులకూ అంటరానివారికీ జాతి తేడా లేదని వాదించి ఆ సిద్ధాంతాన్ని వాళ్ల అంకెలతోనే కొట్టిపారేశాడు. కొలబద్ద పోయింది, చూపు మిగిలింది. దళిత స్త్రీ ముక్కును చూసే చూపులో జెండర్, కులం రెండూ కలిసే ఉంటాయి. 'అందం అందరు స్త్రీల సమస్య' అని మనం ఒక్కమాటలో అనేస్తే, ఎవరి అందాన్ని కొలతగా పెట్టారన్న ప్రశ్న తప్పిపోతుంది.

మగవాళ్లకు ఈ ఒత్తిడి లేదా అంటే, ఉంది, పెరుగుతోంది. 2016లో హైదరాబాదులో ఒక యువ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఎత్తు పెరగడానికి కాళ్ల ఎముకలు కోయించుకున్నాడు, తల్లిదండ్రులకు కూడా చెప్పలేదు. అబ్బాయిల్లో జుట్టు నాటించుకునే వాళ్లనూ చూస్తున్నాం. మార్కెట్‌కు ఆడ మగ పట్టింపు లేదు, కొనే చేతులు కావాలి. కానీ తేడా గమనించండి. మగవాడు కొనుక్కునేది ఎత్తు, జుట్టు, దృఢత్వం, అంటే ఇంకొంచెం మగతనం, ఇంకొంచెం స్థానం. స్త్రీ కొనుక్కునేది ఆమోదం. ముక్కు విరిగిన మగవాడు దాన్ని అలాగే ఉంచుకుంటే పౌరుషానికి గుర్తంటారు. అదే మచ్చ ఆడపిల్ల ముఖాన ఉంటే తల్లి రాత్రుళ్లు నిద్రపోదు.

దాపరికంలో కూడా తేడా ఉంది. మగవాడు చేయించుకుంటే 'ఊపిరి కోసం' అంటాడు, అందం కోసమని చెప్పుకోవడం నామోషీ. ఆడది చేయించుకోకపోతే ఒక మాట, చేయించుకుంటే ఇంకో మాట. తెలుగు సినిమాల్లోనూ నటించిన శ్రుతి హాసన్ 2020లో ప్లాస్టిక్ సర్జరీ చేయించుకున్నానని, అందుకు సిగ్గుపడటం లేదని బహిరంగంగా చెప్పింది. అలాంటి ముఖం లేకపోతే అవకాశం ఇవ్వని లోకమే, ఒప్పుకున్నందుకు ఆమె ముఖాన్ని బొమ్మలు పక్కపక్కన పెట్టి పంచుకుంది. 2015 జూన్‌లో ఆర్తి అగర్వాల్ 31 ఏళ్లకే అమెరికాలో చనిపోయినప్పుడు, అంతకు కొద్ది వారాల ముందు ఆమె కొవ్వు తీయించుకుందని పత్రికలు రాశాయి. ఆమె లావెక్కిందని ఏళ్ల తరబడి నవ్వుకున్న ప్రేక్షకులం మనమే.

ఇంకో అనుభవం కూడా చెప్పాలి, ఎందుకంటే అది నా వాదనను ఇబ్బంది పెట్టింది. రైల్లో పరిచయమైన ఒక ట్రాన్స్ మహిళ, "మీరు ముక్కు మార్చుకోవద్దంటారు. నా ముక్కు చూసే నన్ను మగాడంటారు, కొడతారు. చేయించుకుంటే బతుకుతాననిపిస్తుంది" అంది. పై పాఠ్యపుస్తకాల కొలతలు ఆమెకు ఒక తలుపు. వాటిని తిట్టడం నాకు తేలిక. ఆమెకు ఆ తలుపు మూయడానికి నేనెవర్ని? అప్పటినుంచి 'చేయించుకోవచ్చా, కూడదా' అన్న ప్రశ్న మానేశాను. 'ఎవరు నిర్ణయిస్తున్నారు, ఎవరు డబ్బు కడుతున్నారు, చెడితే ఎవరు భరిస్తున్నారు' అన్న మూడు ప్రశ్నలు పట్టుకున్నాను. కార్యకర్తలుగా మీ ముందు పెడుతున్నది కూడా ఇవే.

నిర్ణయం సంగతి. 2008 జనవరిలో సుప్రీంకోర్టు సమీరా కోహ్లి కేసులో ఒక ముఖ్యమైన తీర్పు ఇచ్చింది. 44 ఏళ్ల అవివాహిత మత్తులో ఉండగా డాక్టరు ఆమె తల్లి అనుమతి తీసుకుని గర్భసంచి తొలగించారు. వయసు వచ్చిన, ఆలోచించగలిగే స్త్రీ శరీరం మీద ఆపరేషన్‌కు ఆమె అనుమతే కావాలి, తల్లి అనుమతి చెల్లదు అంది కోర్టు. చికిత్స ఏమిటి, ప్రమాదాలు ఏమిటి, వేరే మార్గాలు ఏమిటి, చేయించుకోకపోతే ఏమవుతుంది - ఇవన్నీ చెప్పి తీసుకున్నదే అనుమతి. ఈ తీర్పు గర్భసంచికే కాదు, ముక్కుకూ వర్తిస్తుంది. తండ్రి, కాబోయే మామ, పెళ్లి పెద్ద ఎవరూ ఆ కాగితం మీద ఆమెకు బదులు సంతకం పెట్టలేరు.

డబ్బు సంగతి. ఆరోగ్య బీమా కంపెనీలు అందం కోసం చేసే సర్జరీకి చెల్లించవు. ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాత చేసే పునర్నిర్మాణానికీ, వైద్యపరంగా అవసరమైన చికిత్సలో భాగమైతేనూ మినహాయింపు ఉంది. బంతి తగిలిన ఆ కుర్రవాడి ముక్కు బీమా కిందికి వచ్చే అవకాశం ఉంది. మన అమ్మాయి ముక్కు రాదు, ఎందుకంటే దానికి ఏ రోగమూ లేదు. ఈ ఒక్క నియమం చాలు, ఆమెకు రోగం లేదని చెప్పడానికి! ఇక 'ముక్కు బాలేదు, రెండు లక్షలు ఎక్కువ వేయండి' అన్న మాట పేరు కట్నం. 1961 వరకట్న నిషేధ చట్టం ప్రకారం అడగడమే నేరం, ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా శిక్ష. ముక్కు పేరు చెప్పినంత మాత్రాన అది వేరే ఖాతా కాదు.

చెడితే భరించేది ఎవరు? ముక్కు ఆపరేషన్లలో నూటికి ఐదు నుంచి పదిహేను దాకా మళ్లీ చేయవలసి వస్తుందని వైద్య గ్రంథాల్లో సాధారణంగా చెప్పే మాట. రెండోసారి ఖర్చు ఎవరిదో ముందే కాగితం మీద రాయించుకోవాలి. అసలు రూపం తేలడానికి ఏడాది పడుతుంది, అంటే నెలలో పెళ్లి పెట్టుకుని చేయించుకునే ముక్కు పెళ్లి ఫోటోలో వాపుతోనే ఉంటుంది. కొందరికి ఊపిరి ఇబ్బంది మిగిలిపోతుంది. మన చప్పిడి ముక్కులను ఎత్తు చేయడానికి చెవి నుంచో పక్కటెముక నుంచో మృదులాస్థి తీస్తారు, లేదా సిలికాన్ పెడతారు. ఏది పెడుతున్నారో అడగాలి. చేసేవాళ్లకు ప్లాస్టిక్ సర్జరీలో గానీ ముక్కు-చెవి-గొంతు శస్త్రచికిత్సలో గానీ అర్హత ఉందా, మత్తు ఇచ్చే డాక్టరు ఉంటారా అని అడగాలి. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. అందుకే రశీదులు, ఫోటోలు, కాగితాలు అన్నీ దాచమనండి.

చివరగా, ఈ నేల గురించి ఒక మాట. మన జిల్లాలో బోరు నీళ్లలో ఫ్లోరైడ్ వల్ల పిల్లల పళ్లు గారపట్టి పోవడం మీరంతా చూసినదే. 1995లో మొదలైన సత్యసాయి తాగునీటి పథకం లాంటివి వచ్చింది ఆ బాధ వల్లే. ఒకే బోరు నీళ్లు తాగిన అన్నాచెల్లెళ్లలో అన్న నోరారా నవ్వుతాడు. చెల్లెలు చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతుంది. నీళ్లు బాగు చేయమని మనం ప్రభుత్వాన్ని అడిగాం, పళ్లు తెల్లగా చేయించుకోమని పిల్లలకు చెప్పలేదు. ముక్కు విషయంలో కూడా అలాగే ఆలోచిద్దాం. చెడింది పిల్ల ముక్కు కాదు, మనం తాగుతున్న నీళ్లు.

అయితే నీళ్లు బాగయ్యేదాకా ఆ పిల్ల దాహం సంగతి? ఆమె నన్ను అడిగింది కూడా అదే. "మీకు ఉద్యోగం ఉంది, పెళ్లయింది. అదే ముక్కుతో బతికేసినారు. నాకు చెప్పేది సులభమక్కా" అంది. నిజమే. నాకు ఉద్యోగం వచ్చాకే నా ముక్కు గురించి మాట్లాడటం మానేశారు. నాకు ధైర్యం ఇచ్చింది స్త్రీవాదం ఒక్కటే కాదు, నెల జీతం కూడా. అందుకే ఆమెకు నేను ఇచ్చిన జవాబు ఇంతే: నీ లెక్కలో ఒక తప్పుంది. లక్షా నలభై వేలు కట్నానికి బదులు పోవు, కట్నంతో పాటు పోతాయి. ముక్కు సరిపోతే రంగు అంటారు, రంగు సరిపోతే ఎత్తు అంటారు. బేరం ముక్కుది కాదు, నీది. ఆ డబ్బు ముందు నీ చదువు మీద పెట్టు. ఆ తర్వాత నీ సంపాదనతో, నీ ఇష్టంతో ముక్కు మార్చుకోవాలనిపిస్తే నేనే తోడు వస్తాను, ఒక్క మాట అనను.

ఆమె అన్నదానికి ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు. ఆ రోజు క్లినిక్‌లో సంతకం మాత్రం పెట్టలేదు. బి.ఎడ్. ప్రవేశ పరీక్ష రాస్తానంది. నాలుగో సంబంధం కూడా వస్తోందని వాళ్లమ్మ చెప్పింది. ఏం జరుగుతుందో నేను చెప్పలేను.

మీరు ఇళ్లిళ్లూ తిరిగే కార్యకర్తలు. నా కంటే ముందు మీకే ఇలాంటి అమ్మాయిలు తారసపడతారు. మీతో నా మనవి రెండే. ఆపరేషన్ చేయించుకున్న అమ్మాయిని మన సంఘంలో ఎగతాళి చేయకండి, చేయించుకోని అమ్మాయిని ఆదర్శమని వేదిక ఎక్కించకండి. ఇద్దరూ ఒకే బేరంలో చిక్కుకున్నవాళ్లు. రెండోది, పెళ్లిచూపుల్లో ఏ పిల్లనైనా "పక్కకు తిరుగమ్మా" అంటే, ఆ గదిలో మీరు ఉంటే, "ఎందుకు?" అని అడగండి. నన్ను తిరగమన్న రోజు మా ఇంట్లో పదకొండు మంది ఉన్నారు. ఒక్కరు అడిగి ఉంటే బాగుండేది.